పేషెంటు తాలూకు

తెలుగు రాష్ట్రాల పెద్దాసుపత్రుల్లో పేషెంటు ఒక్కడే వచ్చి చేరడమన్నది దాదాపు ఉండదు. మంచం ఇచ్చే ముందే తోడు ఎవరున్నారని అడుగుతారు. రక్తం సీసా ల్యాబుకు చేర్చడం, మందుల చీటీ పట్టుకుని ఫార్మసీ లైన్లో నిలబడడం, స్కానింగుకు స్ట్రెచరు వెంట నడవడం, ఆపరేషన్ కాగితాల మీద సంతకం పెట్టడం, అర్ధరాత్రి సెలైన్ అయిపోవస్తుంటే చూసి సిస్టరును పిలవడం, ఇవన్నీ తోడొచ్చిన మనిషి పనులే. నర్సులు తక్కువ, పేషెంట్లు ఎక్కువ ఉన్నచోట వైద్యంలో చాకిరీ చాలావరకు ఈ మనిషి మీదే నడుస్తుంది. అయినా ఆ మనిషికి పడుకోను మంచం ఉండదు. చాలాచోట్ల కూర్చోను కుర్చీ కూడా ఉండదు.

ఊళ్లోనే వైద్యం దొరికితే ఇంత ఇబ్బంది లేదు. ఇంటి నుంచి క్యారేజీ వస్తుంది, మనుషులు వంతులు వేసుకుంటారు. ఊరు దాటితేనే కష్టం. క్యాన్సర్, గుండె, కిడ్నీ, మెదడు జబ్బులకు జనం ఇప్పటికీ కొద్ది ఊళ్లకే పోవాల్సి వస్తోంది. హైదరాబాద్ రెడ్ హిల్స్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి, దానికి దగ్గర్లోనే పిల్లల ఆసుపత్రి నీలోఫర్, పంజాగుట్టలో నిమ్స్, మూసీ ఒడ్డున ఉస్మానియా, ముషీరాబాద్‌లో గాంధీ. ఉత్తరాంధ్ర వాళ్లకు విశాఖ కేజీహెచ్, రాయలసీమ వాళ్లకు తిరుపతి స్విమ్స్. చిత్తూరు వైపు వాళ్లు నలభై కిలోమీటర్ల లోపే ఉన్న రాయవేలూరుకు తరాలుగా పోతున్నారు. అక్కడి సీఎంసీ ఆసుపత్రి 1900లో ఐడా స్కడర్ అనే వైద్యురాలు ఒక్క మంచంతో మొదలుపెట్టిన వైద్యశాల నుంచి పెరిగింది. ఇప్పుడు బెంగాల్ నుంచి కూడా జనం అక్కడికి ఎంతగా వస్తారంటే, ఆ చుట్టుపక్కల వీధుల్లో బెంగాలీ బోర్డులు కనిపిస్తాయి.

బయల్దేరే ముందు తేల్చుకోవాల్సిన మొదటి సంగతి ఎన్నాళ్లు ఉండాలన్నది. ఆపరేషన్ అంటే పది పదిహేను రోజులని అందరికీ ఒక అంచనా ఉంటుంది. క్యాన్సర్ వైద్యం ఆ అంచనాకు లొంగదు. పల్లెల్లో కరెంటు పెట్టడం అని చెప్పుకునే రేడియేషన్ వారానికి అయిదు రోజులు ఇస్తారు, శని ఆదివారాలు ఉండదు. నోటి, గొంతు క్యాన్సర్లకు సాధారణంగా 30 నుంచి 35 సిట్టింగులు పడతాయి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు 25 దాకా పట్టి, ఆపైన లోపలి నుంచి ఇచ్చే రేడియేషన్ వేరే ఉంటుంది. యంత్రం కింద పడుకునేది కొద్ది నిమిషాలే, కానీ ఆ నిమిషాల కోసం ఆరేడు వారాలు ఊరు వదిలి ఉండాలి. కీమో మందుల్లో చాలావాటిని 21 రోజులకోసారి ఎక్కిస్తారు. పిల్లలకు వచ్చే రక్త క్యాన్సర్‌కు వైద్యం రెండు మూడేళ్లు సాగుతుంది, మొదటి కొన్ని నెలలు ఆసుపత్రికి అందుబాటులోనే ఉండాలి. ఎముక మజ్జ మార్పిడి అయితే ఆ తర్వాత దాదాపు 100 రోజులు దూరం పోవద్దంటారు.

ఈ లెక్క తెలియక రెండు జతల బట్టలతో వచ్చేసిన వాళ్లు మొదటి వారంలోనే చిక్కుల్లో పడతారు. రేడియేషన్ మధ్యలో ఆగితే మిగిలిన క్యాన్సర్ కణాలు మళ్లీ పెరగడానికి వ్యవధి దొరుకుతుంది. ఒక్క సిట్టింగు కూడా తప్పొద్దని డాక్టర్లు పదేపదే చెప్పేది అందుకే. కానీ కోతలు వచ్చాయనో, ఇంటిదగ్గర పెద్దాయనకు బాగాలేదనో, చేతిలో డబ్బు అయిపోయిందనో మధ్యలో వెళ్లిపోయే వాళ్లు ఉంటారు. డాక్టరు, మందు, యంత్రం మూడూ ఉండి కూడా తలదాచుకోను చోటు లేక వైద్యం ఆగిపోవడం కన్నా అన్యాయం లేదు. తోడొచ్చిన మనిషికి బస, తిండి దయాధర్మాల కింద పెట్టే ఖర్చు కాదు, అది వైద్యంలో భాగం. మందులకు బడ్జెట్ రాసేటప్పుడే దీనికీ రాయాలి.

మొదటి నాలుగైదు రోజులూ కాగితాలతోనే పోతాయి. 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ తెలంగాణలో ఆ పేరుతోనే, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తోంది. కార్డు ఉన్నంత మాత్రాన వైద్యం మొదలవదు. ఆరోగ్యమిత్ర కౌంటర్‌లో రేషన్ కార్డు, ఆధార్, రిపోర్టులు ఇవ్వాలి, అవి పైకి వెళ్లి అప్రూవల్ రావాలి. ఒక పేరు ఆధార్‌లో ఒకలా, రేషన్ కార్డులో ఇంకోలా ఉంటే మరో రెండు రోజులు తిరగాలి. మరో ఆసుపత్రిలో ముక్క పరీక్ష చేయించుకుని వచ్చినవాళ్లను ఆ స్లైడ్లూ బ్లాకులూ తెమ్మంటారు. బ్లాకు అంటే ఒంట్లోంచి తీసిన ముక్కను మైనంలో భద్రపరిచిన చిన్న బిళ్ల. దాన్ని తీసుకురావడానికి తోడు మనిషి మళ్లీ జిల్లా కేంద్రానికి బస్సెక్కాలి.

అందువల్ల ఫైలు ప్రాణంతో సమానమవుతుంది. బట్టల కొట్టులో ఇచ్చిన జిప్పు కవరులో ఓపీ చీటీ, దాని వెనక రక్త పరీక్షలు తేదీల వారీగా, స్కాన్ ఫిల్ములు మడత పడకుండా వేరే సంచిలో, రేషన్ కార్డు జిరాక్సులు ఓ అరడజను, పాస్‌పోర్టు సైజు ఫోటోలు, నీలం సిరా పెన్ను. చదువు రాని తల్లులు కూడా నెల తిరిగేసరికి ఏ కాగితం ఏ రంగులో ఉంటుందో, ఏ కౌంటర్లో ఏది అడుగుతారో గుర్తుపట్టి తీసి ఇవ్వగలుగుతారు. ప్రతి కాగితాన్నీ ఫోనులో ఫోటో తీసి పెట్టుకోవడం ఇప్పటివాళ్లు కనిపెట్టిన మంచి అలవాటు.

తలదాచుకోవడం దగ్గరే కుటుంబాల మధ్య తేడాలు బయటపడతాయి. ఉన్నవాళ్లు ఆసుపత్రి పక్కన నెలకు గది తీసుకుంటారు. రాయవేలూరు లాడ్జీల్లో కొన్ని గదితోపాటు గ్యాసు పొయ్యి, గిన్నెలు కూడా అద్దెకు ఇస్తాయి, అక్కడి వ్యాపారమే పేషెంట్ల కుటుంబాల చుట్టూ పెరిగింది. కొందరు బంధువుల ఇంట్లో దిగుతారు. నాలుగు రోజులకు ఏ ఇబ్బందీ ఉండదు, ఆరు వారాలంటే రెండు గదుల ఇంట్లో ఎవరికైనా కష్టమే. ఆ మాట ఎవరూ పైకి అనరు కానీ అతిథికి తెలిసిపోతుంది. ఏమీ లేనివాళ్లు కారిడార్లో, చెట్టు కింద, షెడ్డులో చాప పరుస్తారు. కొన్ని ఆసుపత్రుల దగ్గర మున్సిపాలిటీ రాత్రి బస కేంద్రాలు ఉన్నాయి. క్యాన్సర్ వచ్చిన పిల్లల కోసం 2006లో ముంబైలో మొదలైన సెయింట్ జూడ్ చైల్డ్ కేర్ కేంద్రాలు హైదరాబాద్‌లోనూ విశాఖలోనూ పిల్లాడితోపాటు తల్లిదండ్రులకు ఉచితంగా చోటిస్తాయి. ఇలాంటివి మన దగ్గర చేతివేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఉన్నాయి.

చాప మీద పడుకునే వాళ్ల రాత్రి ఎలా గడుస్తుందో చెప్పుకోవాలి. దోమలు సరే. ఫోను, డబ్బు, ఫైలు మూడూ తల కింద పెట్టుకోవాలి. మైకులో పేరు పిలిస్తే వినపడాలి కాబట్టి ఒళ్లెరగకుండా నిద్రపోవడానికి లేదు. ఐసీయూలో ఉన్న పేషెంటును రోజుకు ఒకటి రెండుసార్లే చూడనిస్తారు, బయట మాత్రం ఇరవై నాలుగు గంటలూ మనిషి ఉండాల్సిందే. ఆడవాళ్ల వార్డులో రాత్రి మగవాళ్లను ఉండనివ్వరు. భార్యకు తోడుగా వచ్చిన భర్త బయట, లోపల ఉండటానికి అక్కో ఆడపడుచో ఇంకో మనిషి. అలా ఒక పేషెంటుకు ఇద్దరి కూలి పోతుంది. మరుగుదొడ్డి, స్నానాలగది సంగతి ఆడవాళ్లకు మరీ కష్టం. తెల్లవారుజామున నాలుగింటికే లేచి లైను పెరగక ముందే పని ముగించుకుంటారు. దూరం పోవాల్సి వస్తుందని నీళ్లు తాగడం తగ్గించుకునే వాళ్లూ ఉన్నారు.

తిండి విషయంలో కొంత మేలు జరిగింది. తెలంగాణ ప్రభుత్వం 2022 మేలో హైదరాబాద్‌లోని 18 ప్రభుత్వ ఆసుపత్రుల దగ్గర తోడొచ్చిన వాళ్లకు మూడు పూటలా 5 రూపాయలకు భోజనం మొదలుపెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 ఆగస్టులో మళ్లీ తెరిచిన అన్న క్యాంటీన్లలోనూ పూటకు 5 రూపాయలే. గుళ్లు, మసీదులు, గురుద్వారాల తరఫున, పెళ్లిరోజులు పుట్టినరోజుల పేరు మీద అన్నదానం చేసేవాళ్లు సరేసరి. తోడు మనిషి కడుపు ఏదోలా నిండుతుంది. పేషెంటు నోటికి హోటల్ కూడు ఎక్కదు, అక్కడే చిక్కు. కీమో పడుతున్న మనిషికి పోపు వాసనకే వాంతి వస్తుంది. నిన్న అడిగి చేయించుకున్న పప్పుచారుతో ఇవాళ ముద్ద దిగదు. గదిలో ఒక పొయ్యి ఉంటే గంజి, పెరుగన్నం, రాగిజావ, మెత్తగా ఉడికించిన గుడ్డు వేళకాని వేళలో చేసి పెట్టొచ్చు. పేషెంటు బరువు తగ్గకుండా చూడటం ఆ పొయ్యి మీదే ఆధారపడి ఉంటుంది.

నోటికీ గొంతుకూ రేడియేషన్ జరిగేవాళ్లకు మూడో వారం నుంచి నోరంతా పుండ్లు పడి మింగుడు పడదు. చాలామందికి ముక్కులోంచి గొట్టం వేస్తారు. అప్పుడు తిండి పెట్టడమే ఒక విద్య అవుతుంది. సిస్టరు ఒకటి రెండుసార్లు చేసి చూపిస్తుంది, ఆపైన అంతా ఇంటిమనిషే. పేషెంటును తల ఎత్తుగా ఉండేలా కూర్చోబెట్టాలి. జావను పలుచటి గుడ్డలోనో జల్లెడలోనో వడగట్టాలి, చిన్న నూక ఉన్నా గొట్టం మూసుకుపోతుంది. సిరంజిలో పోసి తోయకుండా దానంతట అది దిగనివ్వాలి. అయ్యాక కాసిని నీళ్లు పోసి గొట్టం కడగాలి. ఆ తర్వాత కనీసం అరగంట పడుకోనివ్వకూడదు, లేకపోతే పొట్టలోది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. ఇది రెండు మూడు గంటలకోసారి, రోజంతా. ఎన్నడూ వంటింటి మొహం చూడని మగవాళ్లు భార్యలకు ఇలా జావ కాచి పోయడం క్యాన్సర్ వార్డుల్లో మామూలు దృశ్యం. వాళ్లకు ఎవరూ మెచ్చుకోలు చెప్పరు, చెప్పాల్సిన పని అది.

రేడియేషన్ గది బయట కూర్చునే వాళ్లకు ఇంకో పని ఉంటుంది. పొత్తికడుపుకు రేడియేషన్ తీసుకునేవాళ్లు మూత్రాశయం నిండి ఉండగా యంత్రం మీదికి వెళ్లాలి. అలా ఉంటే పేగులు కొంత పక్కకు జరిగి దెబ్బ తప్పించుకుంటాయి. అందుకని సిట్టింగుకు ముందు మూత్రానికి వెళ్లి వచ్చి, చెప్పినన్ని నీళ్లు తాగి, చెప్పినంత సేపు ఆపుకుని కూర్చోవాలి. వరుస ఎప్పుడొస్తుందో కచ్చితంగా తెలియదు. ముందే తాగితే ఆపుకోలేరు, ఆలస్యంగా తాగితే నిండదు, నిండకపోతే లోపలి నుంచి వెనక్కి పంపుతారు. సీసా చేతిలో పట్టుకుని, తన ముందు ఎందరున్నారో లెక్కపెడుతూ, ఇప్పుడు తాగమ్మా, ఇంకాసేపు ఓపిక పట్టు అని తల్లికి చెప్పే కూతుళ్లు ఆ హాలు నిండా ఉంటారు. యంత్రం ఆ పూట చెడిపోతే మొదటికొస్తుంది.

జ్వరం సంగతి తోడు మనిషి గుర్తుంచుకోవాల్సిన వాటిలో ముఖ్యమైనది. కీమో ఎక్కించాక వారం నుంచి రెండు వారాల మధ్య తెల్ల రక్తకణాలు బాగా పడిపోతాయి. ఆ రోజుల్లో థర్మామీటరు 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ చూపించిందంటే అర్ధరాత్రయినా సరే క్యాజువాలిటీకి పోవాల్సిందే. పారాసెటమాల్ వేసి పొద్దున చూద్దామంటే ఆ కొద్ది గంటల్లోనే ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకవచ్చు. గదిలో ఒక థర్మామీటరు, ఆసుపత్రి నంబరు, రాత్రి పిలిస్తే వచ్చే ఆటో అబ్బాయి నంబరు ఉన్న కుటుంబానికి సగం భయం తీరినట్టే.

రక్తం వెతకడం మరో యాతన. ఆపరేషన్‌కు ముందు ఇన్ని యూనిట్లకు దాతలను తెచ్చుకోమంటారు. ఊళ్లో అయితే గంటలో పదిమంది వస్తారు, నగరంలో ఎవరున్నారు? ప్లేట్‌లెట్లు ఇంకా కష్టం. వాటిని నిల్వ ఉంచగలిగేది 5 రోజులే. ఒక్క దాత నుంచి యంత్రంతో తీసే పద్ధతిలో దాత గంటకు పైగా కుర్చీలో కూర్చోవాలి. బ్లడ్ గ్రూపు, ఆసుపత్రి పేరు, ఫోన్ నంబరు ఉన్న మెసేజ్ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. ముఖం తెలియని ఇంజినీరింగ్ కుర్రాళ్లు బైకులేసుకుని వచ్చి ఇచ్చి పోతారు. వాళ్లకు కొబ్బరిబోండం కొట్టించి ఇవ్వబోతే కూడా తీసుకోరు కొందరు. ఇలా వచ్చే పిల్లలు లేకపోతే మన ఆసుపత్రుల్లో ఎన్ని వైద్యాలు నిలిచిపోయేవో ఆలోచించాలి.

డబ్బు లెక్క రాసుకుంటే ఆశ్చర్యం కలుగుతుంది. ఆరోగ్యశ్రీ కింద వైద్యం ఉచితంగా జరుగుతున్నా అప్పు పెరుగుతూనే ఉంటుంది. గది అద్దె, ఆటోలు, బయట చేయించమన్న పరీక్ష, లిస్టులో లేని మందు, జిరాక్సులు, పాలు, పండ్లు, అన్నిటినీ మించి ఆ వారాల్లో రాని కూలి. మొదట చేబదులు, తర్వాత డ్వాక్రా లోను, ఆపైన నూటికి మూడు రూపాయల వడ్డీ, చివరికి మెడలో గొలుసు. ప్రయాణ ఖర్చులో మాత్రం తగ్గించుకునే దారులు ఉన్నాయి, తెలియక చాలామంది వాడుకోరు. రైల్లో క్యాన్సర్ పేషెంటు వైద్యానికి వెళ్తుంటే స్లీపర్, థర్డ్ ఏసీల్లో టికెట్ పూర్తిగా ఉచితం, వెంట వచ్చే ఒకరికి 75 శాతం రాయితీ. ఇందుకు నిర్ణీత ఫారం మీద డాక్టరు సంతకం, ఆసుపత్రి ముద్ర కావాలి. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆయా రాష్ట్రాల ఆడవాళ్లకు ఆర్టీసీ సాధారణ బస్సుల్లో టికెట్ లేదు. తోడుగా ఉండేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ కాబట్టి ఇది నేరుగా వాళ్లకు అక్కరకొచ్చింది. హైదరాబాద్ మెట్రో రెడ్ లైను కూడా ఉస్మానియా వైద్య కళాశాల, నాంపల్లి, లక్డీకాపూల్, పంజాగుట్టల మీదుగా పోతుంది, ఆసుపత్రుల మధ్య తిరిగేవాళ్లకు ఆటో బేరాలు తప్పుతాయి.

ఇంట్లో ఎవరు తోడు వెళ్లాలన్నది చాలాసార్లు మాట్లాడుకోకుండానే తేలిపోతుంది. జీతం లేని మనిషి వెళ్తుంది. అంటే భార్య, కోడలు, పెళ్లికాని కూతురు. అమెరికాలో ఉన్న కొడుకు డబ్బు పంపుతాడు, అక్కడి రాత్రివేళ లేచి డాక్టరుతో వీడియో కాల్లో మాట్లాడతాడు, రిపోర్టులు తనకు తెలిసిన డాక్టర్లకు చూపిస్తాడు. అదీ అవసరమే. కానీ రాత్రి రెండింటికి బెడ్ ప్యాన్ పెట్టేది ఇక్కడున్న మనిషి. నిర్ణయం మాత్రం ఫోన్లో ఉన్నవాళ్లు తీసుకుని, పక్కన ఉండి అన్నీ చూస్తున్న మనిషిని అడగనే అడగకపోవడం చాలా ఇళ్లలో జరిగే పొరపాటు. పేషెంటు నిన్న ఎంత తిన్నాడో, ఏ మందుకు కళ్లు తిరిగాయో ఆమెకే తెలుసు. డాక్టరు రౌండ్సులో దొరికేది రెండు నిమిషాలు. అడగాల్సినవి ముందురోజే చీటీ మీద రాసుకుని ఉంటే ఆ రెండు నిమిషాలూ పనికొస్తాయి.

జబ్బు పేరు పేషెంటుకు చెప్పొద్దు సార్ అని తోడొచ్చిన వాళ్లు డాక్టరును చాటుగా బతిమాలడం మన దగ్గర ఇంకా ఉంది. ప్రేమతోనే అడుగుతారు. కానీ గేటు మీద క్యాన్సర్ ఆసుపత్రి అని తెలుగులోనే రాసి ఉంటుంది, పక్క మంచం మనిషికి కూడా అదే మందు ఎక్కుతుంటుంది. పేషెంటుకు తెలుసు, ఇంటివాళ్లకు తెలుసు, ఒకరి కోసం ఒకరు తెలియనట్టు ఉంటారు. ఆ నటనకు ఇద్దరి ఓపికా ఖర్చవుతుంది. పొలం ఎవరికి రాయాలో, చిన్నదాని పెళ్లి సంగతి ఏమిటో మాట్లాడుకునే వీలు పోతుంది. పేషెంటు అడిగినంతవరకు నిజం చెప్పడం, అడగనిది బలవంతంగా చెప్పకపోవడం మంచి దారి.

తోడు మనిషి ఒళ్లు కూడా ఒళ్లే. బీపీ బిళ్లలు ఊళ్లో మర్చిపోయి వచ్చినవాళ్లు, షుగరు ఉండి వేళకు తినని వాళ్లు, పేషెంటును లేపీ పడుకోబెట్టీ నడుం పట్టేసినవాళ్లు అదే ఆసుపత్రిలో ఉంటారు, కానీ తమకోసం ఓపీ చీటీ తీయించుకోరు. అమ్మమ్మ దగ్గర వదిలొచ్చిన పిల్లలు ఫోన్లో ఎప్పుడొస్తావంటే జవాబు ఉండదు. వార్డు బయట మెట్ల మీదికి వచ్చి, పేషెంటు ముందు ఏడవలేని ఏడుపు అక్కడ ఏడుస్తారు. పక్కన కూర్చున్న ఎవరో ఏ ఊరమ్మా అని అడుగుతారు. శ్రీకాకుళం మనిషికి ఆదిలాబాద్ మనిషి చుట్టమవుతుంది. స్నానానికి వెళ్లొచ్చేదాకా మీ ఆయన్ని చూస్తాలే అనే భరోసా అక్కడ దొరుకుతుంది. ఏ కౌంటరు ఎన్నింటికి తెరుస్తారు, ఏ మందు ఎక్కడ చవక, ఏ సిస్టరుకు చెప్తే పని అవుతుంది, కొత్తగా వచ్చినవాళ్లకు ఇవన్నీ నేర్పేది వాళ్లే. వంతులు మార్చుకోవడానికి పదిహేను రోజులకోసారైనా ఇంటి నుంచి ఇంకో మనిషి రాగలిగితే, మొదటి మనిషి రెండు రోజులు ఊరెళ్లి పిల్లల్ని చూసి, కంటినిండా నిద్రపోయి రావచ్చు. చుట్టాలు ఆపిల్ పండ్ల సంచితో వచ్చి అరగంట కూర్చుని పోవడం కన్నా ఆ ఒక్క రాత్రి తోడుండటం పెద్ద సాయం.

చివరి సిట్టింగు అయ్యాక ఇంటికి పంపేటప్పుడు చేతికిచ్చే డిశ్చార్జి కాగితాన్ని అక్కడే, డాక్టరు ఉండగానే చదివించుకోవాలి. ఏ మందు ఎన్నాళ్లు, ఏం జరిగితే వెంటనే రావాలి, మళ్లీ ఎప్పుడు చూపించుకోవాలి అన్నవి అందులో ఉంటాయి. మొదటి రెండేళ్లు రెండు మూడు నెలలకోసారి పిలుస్తారు. నోటి రేడియేషన్ అయినవాళ్లకు దవడ బిగుసుకోకుండా ఐస్‌క్రీమ్ పుల్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి పళ్ల మధ్య పెట్టించే వ్యాయామం ఇంటిదగ్గర రోజూ చేయించాలి. వైద్యం ఇక పనిచేయదని చెప్పి పంపిన వాళ్లకు కూడా చేయాల్సింది మిగిలే ఉంటుంది. ఎం.ఎన్.జె. లాంటి చోట్ల నొప్పి తగ్గించి ఉపశమనం ఇచ్చే పాలియేటివ్ కేర్ విభాగం ఉంది. అక్కడి డాక్టర్లు అవసరాన్ని బట్టి మార్ఫిన్ బిళ్లలు రాస్తారు. మార్ఫిన్ అంటే ప్రాణం తీసే మందని భయపడి వాడకుండా దాచేసే కుటుంబాలు ఉన్నాయి. డాక్టరు చెప్పిన మోతాదులో, చెప్పిన వేళకు వేస్తే పేషెంటు రాత్రి నిద్రపోతాడు, నాలుగు ముద్దలు తింటాడు, పిల్లలతో మాట్లాడతాడు. మలబద్ధకం చేస్తుంది కాబట్టి దానికి వేరే మందు కూడా అదే రోజు అడిగి రాయించుకోవాలి.